పెరట్లో తడి

జూన్ 3

మా గునపానికి,

మామయ్య దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేను, మీ అత్త, కట్ట. గది మారావని మీ అమ్మ చెప్పింది. కొత్త గదికి కిటికీ ఉందా?

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. నా చెవుల సంగతి నీకు కొత్త కాదు. తూము గదిలో డీజిలు ఇంజను పక్కన ఇన్నేళ్లు నిలబడిన ఫలం. పోనీ మీ అత్త చేత చెప్పిద్దామంటే, నేను నాలుగు మాటలు చెబితే తను పద్నాలుగు కలుపుతుంది. రాతలో అయితే నా మాట నాదే.

సంగతేమిటంటే, మన కట్టకు మరమ్మతు మంజూరైంది. ఈ నెలాఖరుకు తనిఖీవాళ్లు వస్తున్నారని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అంతవరకు సంతోషమే. అదే కాగితంలో కింద ఇంకో ముక్క ఉంది. ఇంతకాలం 'తక్కువ ప్రమాదం' తరగతిలో ఉన్న మన కట్టను 'అత్యంత ప్రమాదం'లోకి మార్చారట. చదివి మీ అత్తకు చూపించాను. "ఏం చేశారండీ దాన్ని?" అని అరిచింది. కుడి చెవిలో అరిచింది కాబట్టి బాగానే వినబడింది.

నేనేం చేశాను చెప్పు. గడ్డి కోయించాను, పందికొక్కుల కన్నాలు పూడ్పించాను, తూము తలుపుకు గ్రీజు పట్టించాను, వాన పడినప్పుడల్లా గొడుగేసుకుని కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. డిసెంబరులో రిటైరవుతున్నవాడి మొహాన ఇప్పుడు ఇలా అచ్చు కొడతారా? నాకు చాలా కష్టంగా ఉంది. నువ్వు ఆ ఆఫీసులోనే డ్రాయింగులు గీస్తున్నావు కదా, మనకు మార్కులు ఎక్కడ తగ్గాయో కనుక్కుని రాయి. దిద్దుకోగలిగినవి దిద్దుకుంటాను.

కింద వీధిలో మన ఇంటికి సున్నం వేయించాను. రిటైరవగానే ఈ క్వార్టరు ఖాళీ చేసి అందులోకి మారతాం. అక్కడ మొదటి ఇల్లు మనదే కదా, ఇప్పుడు వరస వరసంతా నిండిపోయింది. బేకరీ కూడా పెట్టారు. వేళకు తిను.

ఇట్లు,
మార్కులు తగ్గిన మామయ్య


జూన్ 9

మామయ్యా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. నిన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ తరగతి కట్ట ఎంత గట్టిదో చెప్పేది కాదు. ఒకవేళ తెగితే కింద ఎంతమంది ఉన్నారో చెప్పేది. కట్ట కట్టిన రోజుల్లో కింద అన్నీ పొలాలే. వరదొస్తే నీళ్లను పట్టి ఉంచి మెల్లగా వదలడం, పంట మునగకుండా చూడడం, అదే దాని పని. తెగినా పోయేది పంటే. ఇప్పుడక్కడ వీధులున్నాయి, బడి ఉంది. కింద మనుషులుంటే లెక్క వేరు. ఇంకా పెద్ద వానను తట్టుకోవాలి. అందుకని అలుగు వెడల్పు చేస్తారు, కట్ట ఎత్తు కాస్త పెంచుతారు, తూములో తుప్పు పట్టిన గొట్టం తీసి కొత్తది వేస్తారు.

ఇంకో మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఆ ఇళ్లు రావడానికి సగం కారణం నువ్వే. నువ్వు ముందు కట్టావు కాబట్టి మిగిలినవాళ్లు ధైర్యంగా కట్టారు. "కట్ట మామయ్య ఉండగా మనకేం భయమమ్మా" అని బేకరీ ఆయన కిందటిసారి నాతోనే అన్నాడు. కాబట్టి ఇది మార్కులు తగ్గడం కాదు, నీ పేరు పెరగడం వల్ల వచ్చిన తంటా.

తనిఖీ కోసం ప్రత్యేకంగా ఏమీ చేయకు. ఈసారి వచ్చేవాళ్లు పాతవాళ్లలా జీపు దిగకుండా సంతకం పెట్టి వెళ్లే రకం కాదు. పెద్ద ఇంజనీరమ్మ బూట్లేసుకుని కట్టంతా తొక్కి చూస్తుంది. ఆవిడ ముందు వెతికేది తడి కోసం. ఎడమ చివర కట్ట కింద మన పచ్చ మచ్చ ఉందిగా, నడి ఎండాకాలంలో కూడా గడ్డి ఎండని చోటు. చిన్నప్పుడు నేను గునపంతో తవ్వి ఊట తెప్పించి, నీ చేత తిట్లూ ఈ పేరూ సంపాదించుకున్న చోటు. ముందు అక్కడికే పోతుంది, చూస్తూ ఉండు.

నా గదికి కిటికీ ఉంది. తెరిస్తే పక్కింటి గోడ. ఆ గోడకు చెయ్యి ఆనించి పళ్లు తోముకోవచ్చు. అత్తను అడిగానని చెప్పు.

నీ గునపం


జూలై 2

మా గునపానికి,

దీవెనలు. తనిఖీ అయిపోయింది. మెచ్చుకుని మరీ వెళ్లారు. ఇంత శుభ్రంగా ఉన్న కట్టను తాను చూడలేదని పెద్ద ఇంజనీరమ్మ కాగితం మీద రాసి చూపించింది. నాకు వినబడదని తెలిశాక ఆవిడ ప్రతి ముక్కా రాసే చూపించింది. మర్యాద తెలిసిన మనిషి. ఆ కాగితం అడిగి తీసుకున్నాను.

చక్రాల మీద నడిచే కెమెరాను తూము గొట్టంలోకి పంపారు. పిల్లలాడుకునే కారంత ఉంది. లోపల గొట్టం కొన్ని చోట్ల జల్లెడలా ఉందట. అది మారుస్తారు, మంచిదే. ఒక్కటే బాధ. కట్ట కింది వాలు మీద నేను నాటిన చెట్లన్నిటికీ ఎర్ర రంగు పూశారు. కొట్టేస్తారట. వేళ్లు మట్టిని గట్టిగా పట్టుకుంటాయని నేను ఏరి కోరి నాటాను. ఆవిడ రాసి చూపించింది: వేళ్లు చచ్చి కుళ్లితే మట్టిలో గొట్టాలు మిగులుతాయి, నీరు వాటిలోంచి దారి చేసుకుంటుంది అని. నిజమే కావచ్చు. ఆ పూట నాకు భోజనం సయించలేదు.

ఎడమ చివర నువ్వు చెప్పిన చోటు గురించి బెంగపడకు. దాని సంగతి ముందే చూశాను. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుకోమా? ఆవిడ అక్కడికే వచ్చింది, నువ్వన్నట్టే. బూటు కాలితో నాలుగు తొక్కులు తొక్కి, పొడిగా ఉందని రాసుకుని ముందుకు పోయింది.

ఇక ఇంటి గొడవ. మీ అత్తకు ఈమధ్య నీళ్ల దుబారా ఎక్కువైంది. పెరట్లో బట్టలుతికే బండ చుట్టూ ఎప్పుడు చూసినా తడే. కొళాయి కట్టెయ్యమంటే కట్టాననే అంటుంది. చివరికి నేనే వెళ్లి మెయిను కట్టేసి వచ్చాను. మర్నాడు మళ్లీ తడి. నేను కట్ట మీదికి వెళ్లినప్పుడు గులాబీ మొక్కలకు బకెట్లకు బకెట్లు పోస్తోందని నా అనుమానం. పోయలేదని ఒట్టు వేసింది. ఎవరి మీద వేసిందో సరిగా వినబడలేదు. రెండు రోజులుగా మా మధ్య మాటల్లేవు. అంటే నేను మాట్లాడడం లేదు. తను మాట్లాడుతోందో లేదో నాకెలా తెలుస్తుంది?

ఇట్లు,
మార్కులు తిరిగొచ్చిన మామయ్య


జూలై 6

మామయ్యా,

ముందు లేచి వెళ్లి అత్తకు క్షమాపణ చెప్పు. తర్వాత ఈ ఉత్తరం చదువు.

పెరట్లో తడి అత్త పని కాదు. నువ్వు ఎడమ చివర ఏం చేశావో నాకు చెప్పకపోయినా అర్థమైంది. బంకమట్టి వేసి దిమ్మిసతో కొట్టించి ఉంటావు. అవునా? ఆ ఊట ఇన్నేళ్లుగా ఒక దారిలో తేటగా వచ్చి పోతోంది. నువ్వు ఆ దారి మూశావు. నీళ్లు ఆగవు కదా. చాప కింద నీరులా లోపల్లోపల జరిగి ఇంకో దారి వెతుక్కున్నాయి. మీ క్వార్టరు అక్కడికి ఎంత దూరం? నాకు తెలిసి, నువ్వు పెరట్లో తుమ్మితే కట్ట మీద వినబడుతుంది.

నీకు కోపం వస్తుందని మెత్తగా రాద్దామని రెండు కాగితాలు చింపాను. మెత్తగా రావడం లేదు. నాకు భయంగా ఉంది. తనిఖీ రిపోర్టు నిన్న నా బల్ల మీదికి వచ్చింది. 'ఎడమ చివర పొడి' అని ఉంది. ఆ ముక్కను బట్టి నేనిప్పుడు డ్రాయింగు గీయాలి. కుడివైపు ఊట ఉందని రిపోర్టులో ఉంది కాబట్టి అక్కడ కట్ట పాదంలో ఇసుక పొర, కంకర పొర, నీళ్లు బయటికి పోయే గొట్టం. ఎడమవైపు ఏమీ అక్కర్లేదు, పొడి కదా. నా చేత్తో నేనే ఆ వైపు ఖాళీగా వదిలెయ్యాలి. కింద మీ వీధి ఉంది.

మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది, అది తప్పేమీ కాదు. ఊట మట్టిని మోసుకొస్తే తప్పు. కాబట్టి రెండు పనులు చెయ్యి. ఒకటి, పెరట్లో నీళ్లను గాజు సీసాలో పట్టి ఒక పూట కదపకుండా ఉంచు. అడుగున మట్టి దిగితే క్షణం ఆగకు, తూము తెరిచి నీరు దించు, ఆ నీళ్లొచ్చే చోట ఇసుక, కంకర పోయించు. మళ్లీ బంకమట్టి వేయకు. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు, అంతే సూత్రం. రెండు, ఇంజనీరమ్మకు నువ్వే రాయి. ఫలానా చోట ఊట ఉండేది, నేను మూశాను అని. నేను రాస్తే అది ఫిర్యాదు. నువ్వు రాస్తే కట్ట సూపర్వైజరు చెప్పిన మాట. నీ గౌరవం నీ దగ్గరే ఉంటుంది.

నిన్న అత్తకు ఫోను చేశాను. నువ్వు పక్కనే ఉండి, ఇంట్లో లేనని చెప్పమని చెయ్యి ఊపావట.

నీ గునపం


జూలై 11

గౌరవనీయులైన ఇంజనీరు గారికి,

తమరి ఉత్తరం అందింది. తమరు చిన్నప్పుడు ఈ కట్ట మీద చెడ్డీ లేకుండా పరిగెత్తిన సంగతి మరిచి, నాకు ఊట గురించి పాఠం చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి.

అవును, మూశాను. బంకమట్టే, దిమ్మిసే. ముందు వెతికేది తడి కోసమని రాసింది ఎవరు? తమరే. నేను నా ఇల్లు సర్దుకున్నాను. అదేదో నేరమన్నట్టు రాశారు.

నేనే రాయాలట. ఏమని రాయను? డిసెంబరులో దండ వేయించుకుని దిగిపోవాల్సినవాణ్ణి, జూలైలో నా మెడకు నేనే ఉరి బిగించుకోనా? అదీ పోనీ. కింద వీధిలోవాళ్లంతా నన్ను చూసే ఇళ్లు కట్టుకున్నారని నువ్వే రాశావు. బజారుకు వెళ్తే "మామయ్యా, ఈసారి వాన ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. నేను "ఏం భయం లేదు, పోయి పడుకోండి" అంటాను. అది విని పోయి పడుకుంటారు. ఆ గుమ్మాల ముందుకే వెళ్లి కట్ట కారుతోంది, నేనే కప్పెట్టాను అని చెప్పనా? చెప్పాక ఆ వీధిలో ఎలా కాపురముండను? ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. అది కూడా ఆ ఆఫీసులో నేర్పితే బాగుండును.

పెరట్లో నీళ్లు తేటగానే ఉన్నాయి. వానలు ఇంకా సరిగా పడలేదు. మరమ్మతు మొదలైతే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

ఇట్లు,
కట్ట సూపర్వైజరు

ఇది అత్త రాస్తున్నాను. కవరు అంటించమని నాకిచ్చి కట్ట మీదికి వెళ్లారు. తేటగా ఉన్నాయన్నది మొన్నటి మాట. నిన్న రాత్రంతా వాన. ఈ పొద్దున నేను సీసాలో పట్టాను. అడుగున గోరుమందాన బురద దిగింది. ఆయనకు చూపిస్తే సీసా ముందే మురికిదన్నారు. వేడినీళ్లతో నేనే కడిగాను తల్లీ. నీళ్లు పోసేది నేను కాదని తేలింది కదా, ఆ మాట ఆయన చేత ఒక్కసారి రాయించు. మిగతావి తర్వాత చూసుకుంటాను.


జూలై 14

మామయ్యా,

ఉత్తరం ఇప్పుడే అందింది. అత్త రాసింది చదివాను. వెంటనే ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎవరూ ఎత్తలేదు. అక్కడ మూడు రోజులుగా వాన అని రేడియోలో చెబుతున్నారు.

ఇక ఆగలేకపోయాను. ఇంజనీరమ్మకు ఫోను చేసి అంతా చెప్పేశాను. నువ్వు నా మేనమామవని, ఎడమ చివర ఊట ఉండేదని, నువ్వు మూశావని, నాకు వారం నుంచీ తెలుసని. నా పేరు, నీ పేరు రెండూ రాసుకుంది. ఆ వారం ఎందుకు ఆగావని అడిగింది. నువ్వే చెబుతావని ఆగాను. నువ్వే చెప్పాలని నాకు అంత ఆశగా ఉండింది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడింది. నువ్వు నాతో ఇక మాట్లాడకపోయినా సరే. మీరిద్దరూ ఆ క్వార్టర్లోంచి బయటికి వచ్చేయండి. ఈ ఉత్తరం నీకు అందేసరికి మీరు ఎక్కడున్నారో తెలియక, ఏ చిరునామా రాయాలో తెలియక, పాతదే రాస్తున్నాను.

గునపం


జూలై 17

మా గునపానికి,

మామయ్య దీవెనలు. ఇద్దరం కులాసా. కట్ట కూడా. మీ అత్తకు క్షమాపణ చెప్పాను. ఈ మూడు ముక్కల కోసమే వెతుకుతావని ముందే రాశాను.

పధ్నాలుగో తేదీ పొద్దున నేను భోజనాల బల్ల దగ్గర కూర్చోగానే మీ అత్త కాఫీ బదులు ఆ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అడుగున రెండు వేళ్ల బురద. ఈసారి మురికి సీసాది కాదు. పెరట్లోకి వెళ్లాను. బండ పక్కన నేల ఉడుకుతున్న గిన్నెలా ఉంది. నీళ్లు బుడబుడమంటూ పైకి వస్తున్నాయి, చుట్టూ ఇసుక చిన్న గుట్టలా పేరుకుంది. ఆ ఇసుక నా కట్ట కడుపులోది. నీ ఉత్తరం మీద కోపంతో దాన్ని చింపేశాననుకున్నావేమో. జేబులోనే ఉంది. తీసి మళ్లీ చదివాను.

తూము పూర్తిగా ఎత్తించాను. రోడ్డు పని కోసం పోసి ఉంచిన ఇసుకా కంకరా కూలీల చేత తట్టలతో మోయించి పెరట్లో పోయించాను. మీ అత్త గులాబీలన్నీ దాని కిందికి పోయాయి. తను కూడా ఒక తట్ట మోసింది. కాసేపటికి నీళ్లు కంకరలోంచి తేటగా రావడం మొదలుపెట్టాయి. ఈలోగా మీ అత్త చేత ఇంజనీరమ్మకు ఫోను చేయించాను. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు, ఒక్క మాట కూడా కలపకు అన్నాను. కలపలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

తర్వాత ఇద్దరం కింద వీధికి వెళ్లాం. పొద్దుట్నుంచీ పెరట్లోనో వీధిలోనో ఉన్నాం, అందుకే నీ ఫోను ఎవరూ ఎత్తలేదు. చేతులకు మట్టితోనే వెళ్లాం. దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించాను. చివరికి ఉన్నది చెప్పాను. "కట్ట ఎడమ చివర ఎప్పటినుంచో ఊట ఉంది. తనిఖీలో మంచిపేరు కోసం నేనే మూశాను. దానివల్ల ఇప్పుడు మట్టితో కారుతోంది. తూము తెరిచాం. నీరు దిగేదాకా మెరక మీద సిమెంటు గోడౌనుకు వెళ్లండి." ప్రతి గుమ్మం ముందూ ఇదే మాట. నేను మామూలుగానే చెబుతున్నాననుకున్నాను. మొదటి ఇంటి దగ్గర చెప్పింది చివరి ఇంటికి వినబడిందని మీ అత్త తర్వాత చెప్పింది. నిజమే, వీధి చివరికి వెళ్లేసరికి వాళ్లు అప్పటికే మూటలతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

వాళ్లేమన్నారో నాకు తెలియదు. బేకరీ ఆయన మొహం కందగడ్డలా చేసుకుని, వేలు చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. బడి పంతులమ్మ ఏడుస్తూ మాట్లాడింది. ఏమన్నారని మీ అత్తనడిగితే, "జాగ్రత్తగా ఉండమన్నారు" అని కుడి చెవిలో అరిచింది. అంత జాగ్రత్త చెప్పడానికి అంత మొహాలు అక్కర్లేదని చెవిటివాడికైనా తెలుస్తుంది. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ప్రతివాళ్లూ తలుపుకు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లారు. బేకరీ ఆయనైతే చేతిలో కూడా పెట్టలేదు, జేబులో కుక్కాడు. సాయంత్రానికి నా రెండు జేబులూ బరువెక్కిపోయాయి. ఏది ఎవరిదో గుర్తుపెట్టుకోలేదు. నీరు దిగి అందరూ తిరిగొచ్చాక, ఒక్కొక్క గుమ్మం ముందు నిలబడి తాళంలో ఒక్కొక్కటీ పెట్టి చూడాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి ఇంజనీరమ్మ మనుషులతో వచ్చింది. పెరడు చూసింది, కంకర చూసింది, పని సరిగానే చేశారని రాసింది. దాని కిందే ఒక పేజీ నిండా తిట్లు రాసింది. తిట్లు కూడా రాతపూర్వకంగా అందుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. చివర ఇలా ఉంది: "ఒకే సంగతి మీద ఈ రోజు నాకు రెండు ఫోన్లు వచ్చాయి, రెండూ మీ ఇంటివాళ్లవే." అందులో ఏది ముందు వచ్చిందో నేనడగలేదు. నీ పధ్నాలుగో తేదీ ఉత్తరం ఇప్పుడే అందింది. నువ్వూ అడగకు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. కడుక్కుంటున్నాను.

ఇట్లు,
నీ చెవిటి మామయ్య


జనవరి 6

మామయ్యా,

క్షేమంగా చేరాను. అత్త ఇచ్చిన పచ్చడి సీసా సంచిలో ఒలికి డ్రాయింగుల మీద పడింది. మన కట్ట ఎడమ చివర ఇప్పుడు ఎర్రగా ఉంది. ఆఫీసులో ఎవరో అది అపాయానికి గుర్తా అని అడిగారు.

ఎడమవైపు కూడా ఇసుక పొర, కంకర పొర, గొట్టం గీశాను. మీ క్వార్టరు ఉన్న చోటు దాకా వస్తుంది. అది కూల్చక తప్పదు. నాకు ఒక మెమో ఇచ్చారు. ఆ వారం ఆలస్యానికి. బల్ల సొరుగులో పెట్టుకున్నాను. ఊట మూసినందుకు నీకిచ్చిన మెమో, నా మెమో పక్కపక్కన పెడితే సంతకం ఒకటే.

నీకు వీడ్కోలు సభ పెట్టనందుకు నాకు చాలా బాధేసింది. నువ్వు చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఎవరూ రారని తెలిసి కూడా, కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చి తాళాలు అప్పగించడం చూశాను. ఆ మాట అక్కడ చెప్పలేకపోయాను.

ఆ రోజు వీధిలోవాళ్లు ఏమన్నారని నువ్వు జూలై నుంచి అత్తను అడుగుతున్నది నేను అడిగాను. నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. రాయనని వేయించుకోలేదు. బేకరీ ఆయన అన్నది ఇది: "నీ మొహం చూసి ఇక్కడ ఇల్లు కట్టాను. నా పిల్లల్ని తీసుకొచ్చి నీ కట్ట కింద పడుకోబెట్టాను. నీకు మెప్పు కావలసొచ్చిందా?" పంతులమ్మ, "మీకు బడి పిల్లలు గుర్తు రాలేదా?" అంది. ఇంకొకాయన అన్నవి నేను రాయను, అత్త కూడా చెవి మూసుకుందట. టైలరు వాళ్లమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. నీకు తెలియాలని రాశాను. వాళ్లన్నది తగ్గించి చెబితే, అది కూడా మళ్లీ బంకమట్టి వేసినట్టే అవుతుంది.

తాళంచెవులు నీకెందుకు ఇచ్చారో అత్తకు తెలియదట. నాకూ తెలియదు.

ఇప్పటికైనా చెవికి మిషను పెట్టించుకో. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అత్తకు ఎంతకాలం?

నీ గునపం


మే 28

మా గునపానికి,

మామయ్య దీవెనలు. కింద వీధి ఇంట్లోంచి రాస్తున్నాను. పెరడు ఎండగా ఉంది. పాత క్వార్టరు కూల్చేటప్పుడు మీ అత్త బట్టల బండ మాత్రం పెకలించి తెచ్చుకుంది. ఇక్కడ దాని చుట్టూ ఎప్పుడూ పొడే. "నేను నీళ్లు ఒలకబోయనని మీకు నమ్మకం కలిగించడానికి ప్రభుత్వం ఇంత పెద్ద పని పెట్టుకోవాల్సి వచ్చింది" అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

ఎడమ చివర పని పూర్తయింది. నీ గొట్టంలోంచి సన్నగా, తేటగా నీళ్లొస్తున్నాయి. కింద చిన్న తొట్టె కట్టి కొలత గీతలు పెట్టారు. కొత్త సూపర్వైజరు రోజూ కొలిచి రాసుకుంటాడు. నేను రోజూ వెళ్లి ఊరికే చూసి వస్తాను. అతను మొదట చిరాకుపడ్డాడు, ఇప్పుడు కుర్చీ వేస్తున్నాడు. అలుగు రెట్టింపు వెడల్పయింది. చెట్లు పోయాక వాలు బోడిగుండులా ఉంది, ఇంకా అలవాటు కాలేదు.

నువ్వు రాసింది చాలాసార్లు చదివాను. బేకరీ ఆయన ఇప్పుడూ నాతో మాట్లాడడు. రొట్టె ఇస్తాడు, చిల్లర బల్ల మీద పెడతాడు. ఎప్పటికైనా చేతిలో పెడతాడేమో చూడాలి.

మిషను పెట్టించుకున్నాను. ఇక ఫోను చేయొచ్చు, కానీ ఉత్తరమే అలవాటైపోయింది. మీ అత్త ఇన్నేళ్లుగా గొణుక్కునేదని నాకు తెలియదు. చాలా గొణుగుతుంది. అందులో సగం నా గురించే.

అసలు సంగతి ఇది. జూలైలో తాళంచెవులన్నీ తిరిగి ఇచ్చానని రాశాను కదా. ఒకటి మిగిలిపోయింది. టైలరు వాళ్లమ్మది. ఆవిడ దగ్గర ఇంకొకటి ఉండడంతో అడగలేదు, నేనూ చూసుకోలేదు. నిన్న వానలకని పాత రెయిన్‌కోటు తీసి దులిపితే జేబులో దొరికింది. తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ అరుగు మీద కూర్చుని ఆకాశం చూస్తోంది. మబ్బు పట్టి ఉంది. తాళంచెవి చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"వానలొస్తున్నాయిగా. నీ దగ్గరే ఉండనీ. ఈసారి కూడా ఏదన్నా ఉంటే నువ్వే వచ్చి చెబుతావుగా" అంది.

ఆ మాట మీ అత్త చెప్పింది కాదు. నా చెవులతో నేనే విన్నాను. ఇంటికొచ్చి గుమ్మం పక్కన మేకు కొట్టి దాన్ని తగిలించాను.

ఇట్లు,
మామయ్య